ఐదో ఏడాది దాకా నిలిచేదెవరు?

“అక్కా, బడిలో టీచర్‌గా చేరితే స్టూడెంట్ లోన్ మాఫీ చేస్తారట కదా, నిజమేనా?”

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు నలుగురు కలిసినచోట ఈ ప్రశ్న నాకు ఎదురవుతూనే ఉంటుంది. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక మళ్లీ చదువుకుని ఉద్యోగంలోకి దిగాలనుకునే ఆడవాళ్లు అడుగుతారు. ఇక్కడే పుట్టి పెరిగి, కాలేజీ చివరి ఏడాదిలో ఏ దారి పట్టాలో తేల్చుకోలేని పిల్లలు అడుగుతారు. నేను టెక్సాస్‌లో ఒక మిడిల్ స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఆ పథకం కింద నా అప్పులోంచి 17,500 డాలర్లు కొట్టేశారు కూడా. నిజమేనమ్మా అంటాను. తొందర లేకపోతే కాసేపు కూర్చోమంటాను.

మన దగ్గర టీచర్ల కొరత అంటే ప్రభుత్వం పోస్టులు నింపకపోవడం. డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, కోచింగ్‌లకు డబ్బు పోసి, తీరా నోటిఫికేషన్ పడితే ఒక్కో పోస్టుకు పదుల మంది పోటీ పడతారు. అమెరికాలో వ్యవహారం తలకిందులు. పోస్టు ఉంటుంది, జీతానికి బడ్జెట్ ఉంటుంది, వచ్చేవాళ్లుండరు. వచ్చినవాళ్లు నిలవరు. లెర్నింగ్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ 2025లో వేసిన లెక్క ప్రకారం దేశం మొత్తం మీద ఎనిమిది టీచర్ పోస్టుల్లో ఒకటి ఖాళీగా అయినా ఉంది, పూర్తి అర్హత లేనివారితో అయినా నడుస్తోంది. అంటే నాలుగు లక్షల పైచిలుకు. మా టెక్సాస్‌లో ఈ మధ్య కొత్తగా చేరుతున్న టీచర్లలో దాదాపు మూడో వంతు మందికి సర్టిఫికెట్ లేదు.

కారణం జీతమే అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అదీ ఉంది. 2023-24లో ప్రభుత్వ బడుల్లో టీచరు సగటు జీతం సుమారు 72 వేల డాలర్లు, కొత్తగా చేరినవారికి 46 వేల చిల్లర. అంతే చదువు చదివి వేరే పని చేస్తున్నవాళ్లతో పోలిస్తే టీచరుకు వారానికి అందేది 26 శాతానికి పైగా తక్కువని ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ చెబుతోంది. మన తెలుగు కుటుంబాల్లో ఇంజినీరింగ్ చదవగల పిల్ల టీచర్నవుతానంటే తల్లిదండ్రుల ముఖంలో రంగు మారడానికి కారణం ఆ అంకెలే. అయితే స్పెషల్ ఎడ్యుకేషన్‌లో మాత్రం జీతం కథలో సగమే.

1975లో వచ్చిన చట్టం ప్రకారం ఏ వైకల్యం ఉన్న పిల్లలకైనా ప్రభుత్వం ఉచితంగా, వాళ్లకు తగిన చదువు చెప్పాల్సిందే. ఒక్కొక్కరికీ ఐఈపీ అనే విడి ప్రణాళిక రాస్తారు. అది కాగితమే అయినా చట్టబద్ధమైన హామీ. ఇప్పుడు దేశంలో అలాంటి పిల్లలు సుమారు 75 లక్షలు, బడి పిల్లల్లో 15 శాతం. టెక్సాస్‌ది ఇంకో కథ. 2004 నుంచి ఇక్కడి రాష్ట్ర విద్యాశాఖ స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టు స్కూల్ జిల్లాలకు ఒక గీత గీసి పెట్టింది. హ్యూస్టన్ క్రానికల్ పత్రిక 2016లో దాన్ని బయటపెట్టింది. 2017లో శాసనసభ ఆ పరిమితిని నిషేధించింది, 2018 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం అది చట్టవిరుద్ధమని తేల్చింది. అప్పటిదాకా తలుపు బయట నిలబెట్టిన పిల్లలంతా లోపలికొచ్చారు. ఇప్పుడు ఆ శాతం 14 దాటింది. రావాల్సిన పిల్లలే, ఎప్పుడో రావాల్సింది. వాళ్లకు చెప్పే టీచర్లు మాత్రం ఆ లెక్కన పెరగలేదు.

ఖాళీ పోస్టు అంటే ఏమిటో మా బడి వరండాలోని ఒక గదిలో చూపిస్తాను. అది ఏడో తరగతి లెక్కల గది. మామూలు పిల్లలతో పాటు నా పిల్లలు కొందరు అందులోనే కూర్చుంటారు. ప్రధాన టీచరు పాఠం చెబుతుంటే నేను కో-టీచర్‌గా వాళ్ల పక్కనుంటాను. ఒక ఏడాది ఆ ప్రధాన టీచరు అక్టోబరులో రాజీనామా చేసి వెళ్లిపోయారు. తర్వాత సబ్‌స్టిట్యూట్, వేసవి దగ్గరపడ్డాక సర్టిఫికెట్ లేని కొత్త టీచరు. ఆ ఏడాది మళ్లీ మళ్లీ వచ్చిన పాఠం రుణ సంఖ్యలు. నా పిల్లాడొకడికి మైనస్ మూడులోంచి మైనస్ ఐదు తీసేయడం మొదటావిడ నంబర్ లైన్ మీద నేర్పారు. నేల మీద టేపు అంటించి, దాని మీద నడిపించి. రెండో ఆయన ఎరుపు, పసుపు బిళ్లలతో మొదలుపెట్టారు. మూడో ఆయన, “గుర్తు తిప్పెయ్, కూడెయ్” అన్నారు. మూడూ సరైన పద్ధతులే. వాడు మాత్రం పరీక్ష కాగితం మీద ముందు గీత గీశాడు, గీత మీద బిళ్లలు బొమ్మేశాడు, తర్వాత గుర్తు తిప్పాడు, ఒక సంఖ్యకు కాదు, రెండిటికీ. జవాబు ఎనిమిది వచ్చింది. “మిస్, నేను అన్నీ చేశాను కదా” అన్నాడు. అన్నీ చేశాడు, నిజమే. ముగ్గురు చెప్పిన మూడూ కలిపి చేశాడు.

టీచరు మారితే పిల్లలు సర్దుకుంటారులే అని పెద్దవాళ్లు అనుకుంటారు. చాలామంది సర్దుకుంటారు. ఒకే పద్ధతి ఆరు నెలలు నిలకడగా అందితే తప్ప పట్టుకోలేని పిల్లలు సర్దుకోలేరు. అందుకే ఈ కొరతను ఎంతమందిని చేర్చుకున్నారన్న దానితో కాకుండా, ఎంతమంది నిలిచారన్న దానితో కొలవాలంటాను. మాఫీ పథకాలను కూడా ఆ కొలతతోనే చూడాలి.

టీచర్లకు అప్పు మాఫీ అనే ఆలోచన కొత్తది కాదు. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఎగరేసింది. మన పిల్లలు లెక్కల్లో, సైన్సులో వెనకబడ్డారని అమెరికా గాభరా పడింది. ఏడాది తిరక్కుండానే, 1958 సెప్టెంబరులో ఐసెన్‌హోవర్ నేషనల్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ యాక్ట్ మీద సంతకం చేశారు. కాలేజీ చదువుకు ఫెడరల్ ప్రభుత్వం అప్పులివ్వడం దానితోనే మొదలు. ఆ అప్పు తీసుకుని ప్రభుత్వ బడిలో టీచర్‌గా చేరినవారికి ఏడాదికి పది శాతం చొప్పున, ఐదేళ్లలో సగం దాకా కొట్టేసేవారు. ఏడాదికి ఇంత అన్న ఆ మాటను గుర్తుపెట్టుకోండి. దాని వారసురాలైన పెర్కిన్స్ లోన్‌లో ఇంకా ఉదారంగా ఉండేది. మొదటి రెండేళ్లు 15 శాతం, తర్వాతి రెండేళ్లు 20 శాతం, ఐదో ఏడు 30 శాతం. ఐదేళ్లకు అప్పు మొత్తం పోయేది. పేద పిల్లల బళ్లలో పనిచేసేవారికి, స్పెషల్ ఎడ్యుకేషన్, లెక్కలు, సైన్సు వంటివి చెప్పేవారికి అది వర్తించేది. 2017 సెప్టెంబరుతో పెర్కిన్స్ కొత్త అప్పులు ఆగిపోయాయి.

ఇప్పుడు ప్రధానంగా మిగిలిందీ, నేను వాడుకున్నదీ టీచర్ లోన్ ఫర్‌గివ్‌నెస్. పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న బడిలో, వరుసగా ఐదు పూర్తి విద్యా సంవత్సరాలు, ఫుల్‌టైమ్‌గా పనిచేయాలి. ఆ బడి పేరు ఫెడరల్ ప్రభుత్వం పెట్టే జాబితాలో ఉండాలి. హైస్కూలు స్థాయిలో లెక్కలు, సైన్సు చెప్పేవారికీ, ఏ స్థాయిలోనైనా స్పెషల్ ఎడ్యుకేషన్ వారికీ 17,500 డాలర్ల దాకా మాఫీ. మిగతావారికి 5,000 దాకా. దీని మీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఏ రాష్ట్రంలో ఏ సబ్జెక్టుకు టీచర్ల కొరత ఉందో ఫెడరల్ విద్యాశాఖ ఏటా ప్రకటిస్తుంది. ఆ జాబితాలో మీ సబ్జెక్టు ఉన్నంత మాత్రాన ఈ మాఫీ రాదు. దీనికి చూసేది బడి పేదరికాన్ని. కొరత జాబితా పనికొచ్చేది టీచ్ గ్రాంట్ లాంటి వేరే పథకాలకు.

మన వాళ్లకు ముందుగా చెప్పాల్సిన మాట ఇంకోటి. ఫెడరల్ అప్పు పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవారికీ, శరణార్థుల వంటి మరికొందరికీ మాత్రమే దొరుకుతుంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి హైదరాబాద్ బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చుకున్న అప్పుకు అమెరికాలో ఎన్నేళ్లు పాఠం చెప్పినా మాఫీ రాదు. ప్రైవేటు కంపెనీల లోన్లకూ రాదు. జె-1 వీసా మీద ఫిలిప్పీన్స్ నుంచీ, మన దేశం నుంచీ వచ్చి ఇక్కడి ఖాళీలు నింపుతున్న టీచర్లకూ ఇందులో ఏమీ లేదు. మూడేళ్లు, పొడిగిస్తే మరో రెండేళ్లు పనిచేసి వాళ్లు వెనక్కి వెళ్లాల్సిందే. వాళ్ల దగ్గర చదివే పిల్లలకు మళ్లీ కొత్త టీచరు.

నా సంగతికొస్తే, ఖమ్మంలో బీఎస్సీ, బీఎడ్ చేసి, ఇక్కడికొచ్చి, చాలాకాలం ఇంట్లో ఉన్నాక, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ చేశాను. దానికి సుమారు 38 వేల డాలర్ల ఫెడరల్ అప్పయింది. 2020 ఆగస్టులో, అంటే కోవిడ్ నడుస్తుండగా, కంప్యూటర్ తెర మీద మొదటి క్లాసు చెప్పాను. అప్పట్లో ప్రభుత్వం వాయిదాలూ వడ్డీ ఆపేసి ఉంచింది కాబట్టి మొదట్లో భారం తెలియలేదు. 2023లో వాయిదాలు మళ్లీ మొదలయ్యాక ఇంట్లో కూర్చుని లెక్క వేసుకున్నాం.

ఎందుకంటే ఇంకో పథకం కూడా ఉంది. 2007లో బుష్ సంతకం చేసిన చట్టంతో వచ్చిన పీఎస్ఎల్ఎఫ్. ప్రభుత్వ ఉద్యోగంలోనో, లాభాపేక్ష లేని సంస్థలోనో ఉంటూ ఆదాయాన్ని బట్టి లెక్కగట్టే వాయిదాలు 120 కడితే, అంటే పదేళ్లు, మిగిలిన అప్పు ఎంతున్నా మాఫీ. చూడ్డానికి ఇదే గొప్పగా ఉంటుంది. కానీ భార్యాభర్తల ఆదాయం కలిపి పన్ను కట్టే ఇంట్లో వాయిదా ఇద్దరి ఆదాయం మీద పడుతుంది. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయితే ఆ వాయిదాలతోనే పదేళ్లలో అప్పు తీరిపోతుంది. మాఫీ చేయడానికి ఏమీ మిగలదు. తెలుగు ఇళ్లలో చాలావాటికి ఇదే వర్తిస్తుంది. టీచర్ మాఫీకి ఇంటి ఆదాయంతో పని లేదు. అందుకే నేను దాన్నే పట్టుకున్నాను. మా బడిలోనే 60 వేల అప్పుతో, ఒంటి జీతంతో బతుకుతున్న కుర్ర టీచరుకు మాత్రం పీఎస్ఎల్ఎఫ్ వైపే వెళ్లమని చెప్పాను. ఒకే ఐదేళ్ల సర్వీసును రెండు పథకాలకూ లెక్కించరు. అందుకని ముందే ఎంచుకోవాలి.

పీఎస్ఎల్ఎఫ్ మొదట్లో ఎంత అన్యాయంగా నడిచిందో కూడా చెప్పాలి. 2017లో మొదటి బ్యాచ్‌కు పదేళ్లు నిండాయి. మొదటి ఏడాది వచ్చిన దరఖాస్తుల్లో 99 శాతం తిరస్కరించారు. చాలామందికి ఉద్యోగం సరైనదే. లోన్ రకమో, వాయిదా పథకమో సరైనది కాదని పదేళ్లయ్యాక చెప్పారు. తర్వాత నిబంధనలు సడలించాక, 2024 చివరికి పది లక్షల మందికి పైగా ఊరట దొరికింది. టీచ్ గ్రాంట్‌ది ఇంకా బాధాకరం. చదువుకునేటప్పుడు ఏడాదికి 4,000 డాలర్ల దాకా ఇస్తారు. చదువయ్యాక ఎనిమిదేళ్లలో నాలుగేళ్లు పేద బడిలో, కొరత ఉన్న సబ్జెక్టు చెప్పాలి. చెప్పకపోతే ఆ గ్రాంటు అప్పుగా మారిపోతుంది, డబ్బిచ్చిన రోజు నుంచి వడ్డీతో సహా. పాఠం చెబుతున్నవాళ్లకు కూడా, ఏటా పంపాల్సిన ఒక కాగితం ఆలస్యమైందని గ్రాంటును అప్పుగా మార్చేశారు. 2018లో ఎన్‌పీఆర్ రేడియో వరుస కథనాలతో వెంటపడితే గానీ దాన్ని సరిదిద్దడం మొదలుకాలేదు. పేద పిల్లల మధ్యకు వెళ్లిన ఇరవై మూడేళ్ల అమ్మాయి మీద వేల డాలర్ల అప్పు ఒక తపాలా తేదీ వల్ల పడటం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నా దరఖాస్తు ఐదో ఏడు ముగిశాక పెట్టాను. ఫారం పెద్దదేమీ కాదు. నా వివరాలు ఒక భాగం, ప్రిన్సిపాల్ నింపాల్సింది ఇంకో భాగం. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ సబ్జెక్టు, ఫుల్‌టైమా కాదా, స్పెషల్ ఎడ్యుకేషనే ప్రధాన బాధ్యతా అన్న గడులు. మా బడి సహోద్యోగి ఒకామె ఫారం ప్రిన్సిపాల్ సంతకం పక్కన తేదీ వేయలేదని తిరిగొచ్చింది. అప్పటికి ఆ ప్రిన్సిపాల్ వేరే జిల్లాకు వెళ్లిపోయారు. కొత్తాయనకు ఆమె పాత సర్వీసు గురించి తెలియదు. రికార్డులు తవ్వించి మళ్లీ సంతకం పెట్టించుకోవడానికి నెలలు పట్టింది, ఆ నెలలన్నీ వడ్డీ నడిచింది. ఇది చూశాక నేను కుర్ర టీచర్లందరికీ ఒకటే చెబుతున్నాను: ఏటా మే నెలలో బడి మూసేలోపు, ఆ ఏడు ఏం చెప్పావో, ఫుల్‌టైమ్ చేశావో ఒక ఉత్తరం రాయించుకుని ప్రిన్సిపాల్ సంతకం తీసి పెట్టుకో.

కాన్పుకో జబ్బుకో సెలవు పెడితే ఐదేళ్ల వరస తెగిపోతుందా అని ఆడపిల్లలు భయపడతారు. ఆ ఏడాదిలో కనీసం సగం పనిచేసి, సెలవు ఎఫ్ఎంఎల్ఏ అనే కుటుంబ, వైద్య సెలవుల చట్టం కిందకు వచ్చేదై, జిల్లా ఆ ఏడాది కాంట్రాక్టు పూర్తయినట్టే చూస్తే తెగదు. బడి మధ్యలో పేదల జాబితాలోంచి పోయినా, ఒక్క ఏడాది అందులో ఉండి ఉంటే అదే బడిలో తర్వాతి ఏళ్లు లెక్కకొస్తాయి. ఈ రెండు సంగతులు తెలియక మధ్యలో వదిలేసినవాళ్లను చూశాను.

వీటన్నిటికంటే పెద్ద లోపం పథకం కట్టుబడిలోనే ఉంది. నాతో పాటే చేరిన ఒక స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు, నాకంటే మంచి టీచరని నేననుకునే మనిషి, నాలుగేళ్లు పనిచేశారు. తల్లికి జబ్బు చేస్తే వేరే రాష్ట్రం వెళ్లిపోవాల్సి వచ్చింది. అక్కడ దొరికిన ఉద్యోగం జాబితాలో లేని బడిలో. నాలుగేళ్లకు ఆమెకు దక్కిన మాఫీ సున్నా. 17,500లో ఐదింట నాలుగు వంతులు కూడా కాదు, అసలు ఏమీ లేదు.

ఐదేళ్ల చివర పెద్ద మొత్తం చూపిస్తే మనిషి ఆగుతాడని ప్రభుత్వం అనుకుంది. ఆర్థికవేత్తలు బ్రయాన్ జేకబ్, డామన్ జోన్స్, బెంజమిన్ కీస్ ఈ పథకాన్నే పరిశీలించారు. మాఫీ అర్హత ఉండటం గానీ, ఆ మొత్తం 5,000 నుంచి 17,500కు పెరగడం గానీ టీచర్లు పేద బళ్లలో నిలవాలా వద్దా అన్న నిర్ణయాన్ని మార్చలేదని తేల్చారు. ఫ్లోరిడాలో ఒకప్పుడు ఇంకో పద్ధతి ఉండేది. కొరత ఉన్న సబ్జెక్టులు చెప్పేవారి అప్పులోంచి రాష్ట్రమే ఏటా కొంత కట్టేది. డిగ్రీ అప్పుకు ఏడాదికి 2,500 డాలర్ల దాకా, మాస్టర్స్ అప్పుకు 5,000 దాకా. లీ ఫెంగ్, టిమ్ సాస్ దాన్ని పరిశీలిస్తే, లెక్కలు, సైన్సు, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లు వదిలిపోవడం సుమారు 9 నుంచి 12 శాతం దాకా తగ్గినట్టు తేలింది. మొత్తం పెద్దదైన కొద్దీ ఫలితం పెరిగింది.

నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మా నాన్నగారు ఖమ్మం జిల్లా ఏజెన్సీ మండలాల్లో జడ్పీ హైస్కూలు లెక్కల మాస్టారు. మన దగ్గర బదిలీల కౌన్సెలింగ్‌లో మారుమూల ఊళ్లలో పనిచేసిన ఏళ్లకు ఎక్కువ పాయింట్లిస్తారు. ఆ పద్ధతిలో సవాలక్ష తగాదాలున్నాయి, నాకు తెలుసు. కానీ ఒకటి బాగుంటుంది. పనిచేసిన ప్రతి ఏడూ ఖాతాలో పడుతుంది. మూడేళ్లు చేస్తే మూడేళ్ల పాయింట్లు ఉంటాయి. ఐదో ఏడు నిండలేదని మొదటి నాలుగూ తుడిచేయరు.

ఏటికేడు లెక్క ఎందుకు పనిచేస్తుందో ఫిబ్రవరిలో తెలుస్తుంది. ఆ నెల టీచరుకు గడ్డుకాలం. ఐఈపీ సమీక్షలు, మా టెక్సాస్‌లో వాటిని ఆర్డ్ మీటింగులంటాం, ఒకదాని మీద ఒకటి పడతాయి. రాష్ట్ర పరీక్షలు దగ్గరపడతాయి. పక్క గదిలో టీచరుండరు, ఆ పిల్లలను కూడా నా గదిలో కూర్చోబెడతారు. ప్లానింగ్ పీరియడ్ పోతుంది, కాగితాలు ఇంటికి మోసుకెళ్తాను. రెండో ఏడు ఫిబ్రవరిలో ఉన్న మనిషికి ఐదో ఏడు జూన్‌లో రాబోయే డబ్బు కనబడదు. ఈ జూన్‌లో వచ్చేది కనబడుతుంది.

టెక్సాస్ రాష్ట్రానికి సొంతంగా ఒక చిన్న పథకం ఉంది, కొరత ఉన్నచోట పనిచేసేవారికి ఏడాదికి 2,500 డాలర్ల దాకా అప్పు కట్టిపెట్టేది. పద్ధతి మంచిదే. ఫెడరల్ వైపు మాత్రం పరిస్థితి బిగుసుకుంటోంది. 2025లో ఫెడరల్ విద్యాశాఖ సిబ్బందిని దాదాపు సగానికి తగ్గించారు. అదే ఏడాది వచ్చిన చట్టంతో 2026 జూలై నుంచి మాస్టర్స్ విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ లోన్లు కొత్తగా ఇవ్వరు. ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష డాలర్లకు మించి ఫెడరల్ అప్పు దొరకదు. మిగతాది ప్రైవేటు లోన్ తెచ్చుకుంటే దానికి ఏ మాఫీ లేదని చదువులో చేరేముందే లెక్కలోకి తీసుకోవాలి. సర్టిఫికెట్ లేకుండా, రాష్ట్రం ఇచ్చిన మినహాయింపుతో పాఠం చెబుతున్న ఏళ్లు కూడా టీచర్ మాఫీకి పనికిరావు. టెక్సాస్‌లో ఇప్పుడు ఖాళీలు నింపుతున్నవారిలో చాలామంది అలాంటివారే. చేరిన మొదటి ఏడే సర్టిఫికెట్ పూర్తి చేయమని వాళ్లను బతిమాలుతుంటాను.

టీచరవుదామనుకుంటున్నానని వచ్చే పిల్లలకు నేను ముందు లోన్ ఫారం చూపించను. ఇంటర్వ్యూలో ఏం అడగాలో చెబుతాను. నిరుడు ఈ బడిలో ఎంతమంది మానేశారు? నాకు ముందు ఈ గదిలో ఎవరున్నారు, ఎందుకు వెళ్లారు? మొదటి ఏడు నాకు తోడుగా ఉండే సీనియర్ టీచరు ఎవరు, ఆవిడకు అందుకు విడిగా టైమిస్తారా? నా మీద ఎంతమంది పిల్లల ఐఈపీలు ఉంటాయి? ఈ నాలుగింటికి నీళ్లు నమలకుండా జవాబు చెప్పిన ప్రిన్సిపాల్ దగ్గర చేరమంటాను.

మా ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడికి నేనొక ఉత్తరం రాశాను. అందులో అడిగింది కొత్త డబ్బు కాదు. అదే 17,500ను ఐదుతో భాగించి, ఏడాదికి 3,500 చొప్పున, ఆ ఏడు ముగియగానే అప్పులోంచి తీసేయండని అడిగాను. ప్రిన్సిపాల్ మారకముందే, జిల్లా దగ్గరున్న జీతాల రికార్డును బట్టి, టీచరు చేత విడిగా ఫారం నింపించకుండా. 1958లో కంప్యూటర్లు లేని రోజుల్లో ఏడాదికి పది శాతం లెక్కగట్టగలిగిన ప్రభుత్వానికి ఇది కష్టం కాదు. తల్లి కోసం వెళ్లిపోయిన నా సహోద్యోగికి ఆ లెక్కన 14,000 డాలర్ల అప్పు ఇప్పటికే తీరిపోయి ఉండేది.